‘సిరికిం జెప్పఁడు’ పద్యంలో ఆ జుట్టుముడి ఎవరిది?

మా అమ్మాయికి గజేంద్రమోక్షం పద్యాలు నేర్పిస్తున్నాను. ‘ఆకర్ణికాంతర ధమ్మిల్లముఁ జక్క నొత్తఁడు’ దగ్గర ఆగిపోయాం. ధమ్మిల్లం అంటే కొప్పు కదా, లక్ష్మీదేవి కొప్పు సవరించలేదనా?

— కాదండీ, విష్ణుమూర్తిదే. సంస్కృత నిఘంటువు అమరకోశం ‘ధమ్మిల్లః సంయతాః కచాః’ అంటుంది, ముడిచిన జుట్టు అని. ఆడా మగా అనలేదు. కావ్యాల్లో ఎక్కువగా ఆడవాళ్ల కొప్పులకే వాడారు గనక మనకలా తోస్తుంది. పైగా రెండో పాదం ‘ఆకర్ణికాం’ దగ్గర తెగి, మూడోది ‘తర ధమ్మిల్లముఁ’ అని మొదలవుతుంది. పిల్లలు తడబడేది అక్కడే. పన్నింపఁడు + ఆకర్ణికాంతర అని విడదీయండి. కర్ణిక అంటే చెవి కమ్మ. అందాకా జారిన ముడిని కూడా సర్దుకోలేదు.

ఎందుకు జారిందో అంతకుముందు పద్యంలోనే ఉంది: ‘ఉత్పలపర్యంక రమావినోది’. కలువల పాన్పు మీద రమతో సరసంలో ఉన్నాడాయన. స్వామి ఆత్రం ఎంతటిదో చెప్పడానికే ఈ పద్యాన్ని వాడుకుని వదిలేస్తాం గానీ, వరస చూడండి. శంఖచక్రాలు, పరివారం, గరుత్మంతుడు కొలువుకు సంబంధించినవి. ఆ తర్వాత వచ్చే జుట్టు, పైటకొంగు మాత్రం పూర్తిగా ఆలుమగల మధ్యవి. ప్రణయకలహంలో పట్టుకున్న కొంగు ఇంకా చేతిలోనే ఉంది. పోతన శృంగారాన్ని దాచలేదు. చెదిరిన ముడి చూపించి ఊరుకున్నాడు, అంతే. నాకైతే పద్యం మొత్తంలో ప్రాణం అక్కడే ఉంది.

— పరిగెడితే ఎవరి జుట్టయినా జారుతుంది మాస్టారూ. దానికి శృంగారం అంటగట్టాలా?

— పరుగు ఇంకా మొదలైతే కదండీ! ఇవన్నీ బయల్దేరే ముందు చెయ్యనివి.

లక్ష్మీదేవి జుట్టు సంగతి ఇంకొంచెం ముందుకెళ్తే వస్తుంది: ‘నిటలాలకము లంట నివుర జుంజుమ్మని ముఖసరోజము నిండ ముసురుఁ దేంట్లు’. నుదుటి మీద పడ్డ ముంగురులు నిమురుకోబోతే తుమ్మెదలు ముఖమంతా కమ్ముకున్నాయట. నల్లటి కురులకూ తుమ్మెదలకూ ఉన్న ఈ చుట్టరికం పాతదే, ‘అలివేణి’లో అలి అంటే తుమ్మెదే. అంత కంగారులోనూ ఆవిడ చెయ్యి జుట్టు మీదికే పోయింది. ఆయనకు ఆ ధ్యాసే లేదు.

— బాగుందండీ. మరి మూడో తరగతి పిల్లకు ఏం చెప్పను?

— జుట్టు కూడా సర్దుకోకుండా వచ్చాడని చెప్పండి. ఎందుకు చెదిరిందో పెద్దయ్యాక తనే చదువుకుంటుంది.