కెన్యన్ జెరికో తవ్వకం: పద్ధతి గొప్పదే, మరి నివేదికల సంగతేంటి?

మట్టివాసన
కాథ్లీన్ కెన్యన్ పేరెత్తగానే ఇరవయ్యో శతాబ్దపు గొప్ప పురావస్తువేత్తల్లో ఒకరు అనేస్తారు. నాకున్న అభ్యంతరం ఒక్కటే. ఆమె పాలస్తీనాలోని ప్రాచీన పట్టణం జెరికోలో 1952 నుంచి 1958 దాకా తవ్వారు, 1978లో చనిపోయారు. సమాధుల మీద రెండు సంపుటాలు 1960, 1965ల్లో వచ్చాయి. పాత ఊళ్ళు పొరలుగా పేరుకున్న అసలు దిబ్బ మీద తుది నివేదికలు మాత్రం ఆమె పోయాక, 1981-83 మధ్యలో, థామస్ హాలండ్ అనే పురావస్తువేత్త పూనుకుంటే గానీ బయటికి రాలేదు. తవ్విన చోటు మళ్ళీ తవ్వలేం. అక్కడ ఏం కనబడిందో పూర్తిగా రాసి ఇవ్వనివాళ్ళను అంత ఎత్తున కూర్చోబెట్టడం సబబేనా?

పెంకుముక్క
ముందు ఆమె వెళ్ళేనాటికి జెరికో ఎలా ఉందో చూడండి. 1930-36 మధ్య జాన్ గార్‌స్టాంగ్ అనే పురావస్తువేత్త అక్కడ తవ్వి, కూలిన కోటగోడ చూసి, బైబిల్లో యెహోషువ కాలంలో పడిపోయిన గోడ ఇదే, క్రీ.పూ. 1400 ప్రాంతంది అన్నారు. అందరికీ తెలిసిన కథ కాబట్టి ఆ మాట బాగా పాకిపోయింది. కెన్యన్ వచ్చి ఆ గోడ అంతకు దాదాపు వెయ్యేళ్ళ ముందుదని తేల్చారు. ఎలా తేల్చారన్నదే అసలు విషయం. గోడ కనబడగానే దాని వెంట తవ్వుకుంటూ పోతే గోడ మిగులుతుంది గానీ, దాన్ని ఆనుకుని ఉన్న మట్టి పొరలు పోతాయి. ఆ పొరల్లో దొరికే కుండపెంకులే గోడ వయసు చెప్పేది. ఆమె నిలువుగా కోసి, మట్టి రంగు, గట్టిదనం ఎక్కడ మారుతోందో గీయించి, ఏ పెంకు ఏ పొరదో రాయించారు.

ఆ క్రమశిక్షణ ఎంతదాకా వెళ్ళిందంటే, 1953లో ట్రెంచ్ (తవ్విన కందకం) గోడలోంచి ఒక మనిషి పుర్రె కొంచెం బయటికి కనబడుతున్నా, సెక్షన్ (పొరలు కనబడేలా నిలువుగా కోసిన ముఖం) చెడుతుందని సీజన్ ముగిసేదాకా దాన్ని కదపనివ్వలేదు. చివరికి తీస్తే, సున్నపు పూతతో ముఖం తీర్చి, కళ్ళ చోట గవ్వలు పెట్టిన పుర్రె! ఇంకా తీస్తే అలాంటివే మరికొన్ని. ఎనిమిదిన్నర మీటర్ల ఎత్తు, లోపల మెట్లు ఉన్న రాతి బురుజు కూడా ఆమె తవ్వకంలో బయటపడిందే. కుండలు చేయడం ఇంకా తెలియని కాలం నాటిది అది. ఇవన్నీ చూశాక నివేదిక ఆలస్యమైందని కోత వేస్తారా?

ఎదురుగాలి
వేస్తాం. ఎందుకంటే ఆలస్యానికి ఫలితం ఉంది. జెరికోలో చివరి పెద్ద కంచు యుగపు పట్టణం క్రీ.పూ. 1550 ప్రాంతంలో తగలబడిందని కెన్యన్ 1950ల్లోనే చెప్పేశారు. ఆధారమైన పెంకుల బొమ్మలు, పొరల వివరాలు అందరి చేతికీ వచ్చింది 1980ల్లో. మధ్యలో పాతికేళ్ళు ఆమె మాటే ప్రమాణం! 1990లో బ్రయంట్ వుడ్ అనే పురావస్తువేత్త ఆ సంపుటాలు ముందు పెట్టుకునే ఎదురుతిరిగారు. ఇరుకైన ట్రెంచ్‌లలో సైప్రస్ నుంచి వచ్చే ఖరీదైన కుండలు దొరకలేదని కెన్యన్ ఆ కాలం నిర్ణయించారు, పేదల ఇళ్ళలో అవి ఎందుకుంటాయి, స్థానిక కుండలు చూస్తే 1400 అనిపిస్తోంది అన్నది ఆయన వాదన. ఒప్పుకోకపోయినా సరే, అడగదగ్గ ప్రశ్నే కదా అది. 1960లోనే అడిగుండాల్సింది.

పెంకుముక్క
జవాబు కూడా చెప్పండి మరి. వుడ్ ఆసరా చేసుకున్న రేడియోకార్బన్ తేదీ (బొగ్గులో మిగిలిన కార్బన్ కొలిచి కట్టే వయసు) ఒకటి బ్రిటిష్ మ్యూజియం ల్యాబ్‌ది, అది తప్పని తర్వాత వాళ్ళే సవరించారు. 1995లో బ్రూయిన్స్, వాన్ డెర్ ప్లిఖ్ట్ అనే శాస్త్రవేత్తలు ఆ కాలిన పొరలో మాడిపోయిన గింజలకు రేడియోకార్బన్ పరీక్ష చేయిస్తే క్రీ.పూ. పదహారో శతాబ్దమే వచ్చింది. అంటే కెన్యన్ చెప్పిందే. ఆ గింజలు ఏ పొరవో గట్టిగా రాసి ఉండబట్టే కదా నలభై ఏళ్ళ తర్వాత పరీక్షకు పనికొచ్చాయి.

పాతనాణెం
మధ్యలో దూరుతున్నా. ఆ పొరల పద్ధతి బ్రిటిష్ పురావస్తువేత్త మోర్టిమర్ వీలర్‌ది, కెన్యన్ ఆయన శిష్యురాలు. మన దగ్గర 1944-48లో పురావస్తు శాఖ డైరెక్టర్ జనరల్‌గా ఉండి పుదుచ్చేరి దగ్గర అరికమేడు తవ్వింది ఆయనే. ఈవిడ తండ్రి ఫ్రెడరిక్ కెన్యన్ బ్రిటిష్ మ్యూజియం డైరెక్టర్. దారి ముందే వేసి ఉంది.

పెంకుముక్క
తండ్రి పలుకుబడి తలుపు దాకా తీసుకెళ్తుంది, కాదనను. 1929లో ఆఫ్రికాలోని గ్రేట్ జింబాబ్వే శిథిలాలకు గెర్‌ట్రూడ్ కేటన్-థాంప్సన్ అనే పురావస్తువేత్త బృందంలో వెళ్ళింది ఫొటోలు తీయడానికే. తర్వాత ఇంగ్లండ్‌లోని రోమన్ పట్టణం వెరులేమియంలో పని నేర్చుకున్నారు. అక్కడ నేర్పినవాళ్ళలో వీలర్ భార్య టెస్సా కూడా ఉన్నారు. 1936లోనే పోవడంతో ఆవిడ పేరు ఎవరికీ గుర్తుకు రాదు! ఇక రోమన్ పట్టణంలో పొరలు చదవడం వేరు, పచ్చి ఇటుక గోడలు కరిగి మట్టిలో కలిసిపోయే పాలస్తీనా దిబ్బల్లో చదవడం వేరు. 1931-34 మధ్య పాలస్తీనాలోని సమారియాలో ఆ పద్ధతిని అక్కడి మట్టికి తగ్గట్టు మార్చుకున్నది కెన్యనే. వీలర్-కెన్యన్ పద్ధతి అని జంట పేరు ఊరికే రాలేదు.

మట్టివాసన
శిష్యురాలా కాదా అన్నది నా ప్రశ్న కాదండీ. వెరులేమియంలో రోమన్ నాటకశాల తవ్వి, వెంటనే నివేదిక ఇచ్చారు. అంటే రాయడం చేతకాక కాదు. జెరికో ముగిశాక మూడేళ్ళకే, 1961లో, జెరూసలేంలో కొత్త తవ్వకం మొదలుపెట్టారు. అది 1967 దాకా సాగింది. 1962 నుంచి 1973 దాకా ఆక్స్‌ఫర్డ్ సెయింట్ హ్యూస్ కాలేజీకి ప్రిన్సిపాల్ కూడా. ఇవన్నీ ఎవరూ నెత్తిన పెట్టినవి కావు, ఆమె ఎంచుకున్నవి. పాత పెట్టెలు తెరవకుండా కొత్త ట్రెంచ్ తెరిచారు.

పెంకుముక్క
అది తప్పే, ఒప్పుకుంటా. కానీ ఆమె లేకుండానే హాలండ్ ఆ రికార్డులతో సంపుటాలు పూర్తి చేయగలిగారు. వేరేవాళ్ళు అందుకుని ముగించగలిగేలా రాసిపెట్టడం కూడా పనిలో భాగమే. ఆ తరంలో నోటుపుస్తకాలు ఎవరికీ అర్థం కాకుండా వదిలేసిన మగ దొరలు తక్కువా? వాళ్ళ మీద ఇలాంటి చర్చ ఎవరూ పెట్టరు.

ఎదురుగాలి
పెట్టండి, అక్కడా ఇదే మాట అంటాను. జెరికో వరకు మీ వాదనకు బలముంది. జెరూసలేం దగ్గర అది నిలవదు. ఆ తవ్వకం నివేదికల మొదటి సంపుటం 1985లో, అయిదోది 2008లో వచ్చాయి. ఒకరు ఆపిన చోట ఇంకొకరు, వాళ్ళ తర్వాత మరొకరు. రికార్డులు అంత తేలిగ్గా అందుకోదగ్గవే అయితే తవ్వకం ముగిసిన నలభై ఏళ్ళకు కూడా సంపుటాలు వస్తూనే ఎందుకున్నాయో ముందు అది చెప్పండి.