స్ప్రే డబ్బా వదిలి బ్రష్ పట్టా, ఎనామిల్ పెయింట్ కారిపోతోంది. ఎవరైనా చెబుతారా?

నమస్కారమండి. ఆరేళ్లుగా హైదరాబాద్‌లో గ్రాఫిటీ వేస్తున్నా. ఈ మధ్య స్టీవ్ పవర్స్ గురించి చదివాక మనసు బ్రష్‌తో షాపు బోర్డులు రాయడం మీదకి మళ్లింది. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఎస్పో పేరుతో గ్రాఫిటీ వేస్తూ తిరిగినాయన, తర్వాత సైన్ పెయింటింగ్ (బోర్డులు రాసే పని) పట్టుకున్నాడు. 2009లో అదే ఊళ్లో, పైన వంతెన మీద నడిచే రైల్లోంచి కనబడేలా 50 గోడచిత్రాల ప్రేమలేఖ రాశాడు. అల్యూమినియం రేకుల మీద ఎనామిల్‌తో ఆయన వేసిన బొమ్మలు గ్యాలరీలకూ ఎక్కాయి.

నేనూ రేకు మీదే మొదలుపెట్టా. స్ప్రేలో గీత భుజం నుంచి వస్తుంది, ఇక్కడేమో వేళ్ల మధ్య బ్రష్ తిరగాలి. 'ళ' చుట్టేసరికి మలుపు దగ్గర పెయింట్ బొట్టు కడుతోంది. టర్పెంటైన్ కలిపితే కారిపోతోంది. తలకట్టు అయితే ప్రతిసారీ ఒక్కో సైజు (నవ్వకండి).

బోర్డులు రాసిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. తెలుగు గుండ్రాలకి ఏ బ్రష్, ఏ నంబరు? రేకుకి ప్రైమర్ తప్పదా, గరుకు కాగితంతో రుద్దితే సరిపోతుందా? ఫ్లెక్సీలు వచ్చాక పని మానేసిన పెయింటర్ ఎవరైనా నేర్పుతానంటే, ఫీజు ఇచ్చి ప్రతి ఆదివారం వచ్చి కూర్చుంటా.