డబ్బిచ్చి లింకులు కొంటే తప్పేంటి?

పచ్చళ్ళషాపు: మాది ఊరగాయల సైట్. 'ఆవకాయ ఆన్‌లైన్' అని వెతికితే మూడో పేజీలో ఎక్కడో కనబడుతోంది. నెలకి ఇంత ఇస్తే వేరే సైట్లలో మన లింకులు పెట్టిస్తామని, వాటిని చూసి గూగుల్ మన సైటుని పైకి తెస్తుందని, అలా మొదటి పేజీకి తెస్తామని ఒక ఏజెన్సీ వాళ్ళంటున్నారు. చేయించుకోవచ్చా?

పాతకాపు: వద్దండీ. ర్యాంకు కోసం లింకులు కొనడం గూగుల్ నిబంధనలకి విరుద్ధం. 2012 ఏప్రిల్‌లో పెంగ్విన్ అని, దొంగ లింకుల్ని పట్టే గూగుల్ ప్రోగ్రామ్ వచ్చినప్పుడు ఇలాంటి సైట్లు ఎలా కూలాయో చూసినవాణ్ణి.

ర్యాంకుబాబు: ఇంకా పెంగ్విన్ పేరు చెప్పి భయపెడతారేంటి సార్? 2016 నుంచి అది చెత్త లింకుల్ని లెక్కలోకి తీసుకోదు, అంతే. సైటుని కిందికి తోయదు. నేను చేసేది ఈ లింకులు పెట్టించే పనే.

పాతకాపు: లెక్కలోకే తీసుకోకపోతే మీరు డబ్బులు దేనికి తీసుకుంటున్నట్టు?

ర్యాంకుబాబు: కొన్న లింకులన్నీ గూగుల్‌కి దొరకవు కదా. మంచి సైట్లలో పెట్టిస్తే పనిచేస్తాయి.

టెక్_మామ: ముందు కీవర్డ్స్ మెటా ట్యాగ్ (పేజీ కోడ్‌లో వెతుకుడు మాటలు రాసే చోటు) నింపారా?

పాతకాపు: ర్యాంకింగుకి దాన్ని వాడట్లేదని గూగుల్ 2009లోనే చెప్పింది మామా.

టెక్_మామ: నింపితే నష్టమేంటి?

చీరలకొట్టు: మాకు ఒకాయన ఇలాగే చేశాడు. సెర్చ్ కన్సోల్ (గూగుల్‌లో మన సైట్ పరిస్థితి చూపించే టూల్) లాగిన్ కూడా ఇవ్వలేదు. సరిగ్గా దసరా సీజన్ ముందు సైట్ మాయం. గొడవపడి లాగిన్ తీసుకుని చూస్తే మాన్యువల్ యాక్షన్ అని ఉంది, అంటే గూగుల్ మనుషులే చూసి వేసిన శిక్ష. ఆ తర్వాత ఆయన ఫోనెత్తితే ఒట్టు. ఈ ఫీల్డులో అందరూ దొంగలే.

ర్యాంకుబాబు: అందర్నీ ఒకే గాటన కట్టకండి మేడమ్. గూగుల్ మాత్రం సత్య హరిశ్చంద్రుడా? పైన యాడ్స్ పెట్టి చోటు అమ్ముకోవట్లేదా? వాడు అమ్మితే వ్యాపారం, మేం అమ్మితే స్పామా?

పాతకాపు: వాడు యాడ్ మీద స్పాన్సర్డ్ అని రాస్తాడు. మీరూ లింకుకి, ఇది డబ్బిచ్చి పెట్టించిందని గూగుల్‌కి చెప్పే స్పాన్సర్డ్ ట్యాగ్ పెట్టండి, ఎవరూ ఏమీ అనరు. పెట్టరు, ఎందుకంటే అప్పుడు ర్యాంకు రాదు. సరే, ఒక్కటి చెప్పండి. లింకులు కొంటున్నామని, పట్టుబడితే ఇలా అవుతుందని మీ క్లయింట్లకి చెప్తారా?

ర్యాంకుబాబు: వాళ్ళకి కావాల్సింది ఫలితం. డాక్టరు మాత్రలో ఏముందో చెప్పి ఇస్తాడా?

పాతకాపు: అక్కడే నాకు ఒళ్ళు మండేది. 2011లో అమెరికాలో జేసీ పెన్నీ అనే పెద్ద దుకాణాల కంపెనీ కొన్న లింకుల బాగోతాన్ని న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. మాకేం తెలీదని కంపెనీ వాళ్ళు ఏజెన్సీని తీసేశారు. ఏజెన్సీకి పోయింది ఒక క్లయింటు, షాపుకి పోయింది ర్యాంకులు. వాళ్ళు తట్టుకున్నారు. పచ్చళ్ళ కొట్టు తట్టుకుంటుందా? మీరు లింకులు కొనుక్కోండి, అమ్ముకోండి, మీ సొంత సైటు మీద. ఇంకొకడి దుకాణాన్ని వాడికి చెప్పకుండా పందెం కాయకండి.

ర్యాంకుబాబు: చెప్తే ఎవడొప్పుకుంటాడు? నేను మానేస్తే పక్కవాడు చేస్తాడు. నా దగ్గర పనిచేసే కుర్రాళ్ళకి జీతాలు మీరిస్తారా?

గోంగూర: గొడవ ఆపి ఆయన సైటు చూశారా ఎవరైనా? ఆవకాయ పేజీలో ఫొటో, 'ఆర్డర్ చేయండి' అన్న బటన్ తప్ప ఏమీ లేదు. ధర, బరువు, ఏ నూనె, ఎన్నాళ్ళు నిలవుంటుంది, అమెరికా పంపిస్తారా, ఇవేగా జనం వెతికేది. ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేసేవాళ్ళే ఎక్కువ, పేరు రెండు లిపుల్లోనూ ఉంచండి.

పచ్చళ్ళషాపు: రాత్రికి ఆ పేజీ రాస్తాను. పప్పునూనె అని రాయలేదు, నిజమే. ఏయే సైట్లలో లింకులు పెడతారో లిస్టు పంపమని ఏజెన్సీని అడిగాను. 'అది కంపెనీ సీక్రెట్ సార్' అన్నారు.

ర్యాంకుబాబు: అది ఎవరైనా సీక్రెట్ అనే అంటారండీ.