హార్న్‌పైప్ అంటే "కొమ్ముబూర" కాదండీ బాబూ

మొన్న తెలిసినాయన ఒకరు తన అనువాదం చూసిపెట్టమని పంపారు. అందులో "నావికులు ఫిడేలు మీద కొమ్ముబూర వాయించారు" అని ఉంది. కాసేపు నవ్వుకున్నాక నాకే టెన్షన్ పట్టుకుంది, ఆ మాట దగ్గర నేనైతే ఏం రాసేదాన్నో తోచలేదు మరి.

హార్న్‌పైప్ నిజంగానే మొదట కొమ్ము తగిలించిన ఒక ఊదుడు వాయిద్యం. తర్వాత ఆ పేరు ఒక నాట్యానికి, ఆ నాట్యానికి వాయించే వరసకి ఎక్కింది. తెరచాపల కాలం ఇంగ్లీషు ఓడల్లో ఫిడేలాయన వాయించింది ఆ వరసలే, ఇక కొమ్మూ లేదు, బూరా లేదు.

— "హైలెస్స పాటలు" అంటే సరిపోదా అండీ? అని ఒకరడిగారు.

సరిపోదండీ. హైలెస్స లాగేవాళ్ల నోటి నుంచే వస్తుంది. వర్తక ఓడల్లో పని చేస్తూ పాడుకునే షాంటీలకైతే అతికినట్టు ఉంటుంది. ఇంగ్లీషువాళ్ల యుద్ధనౌకల దళం రాయల్ నేవీలో అలా కాదు, పనివేళ కళాసీల నోరు లేవకూడదు, ఆజ్ఞలు వినపడాలి కదా. లంగరు తీయడానికి నిలువు దుంగకి చుట్టూ కర్రలు దూర్చి, గానుగెద్దుల్లా తిరుగుతూ తోసేవారు, ఒక్కోసారి ఫిడేలాయన ఆ దుంగ నెత్తినే కూర్చుని వాయించేవాడు. మాట లేదు, అడుగు మాత్రమే. మధ్యాహ్నం నీళ్లు కలిపిన రమ్ము పోసే వేళకి "నాన్సీ డాసన్" వరస. మనం ఎల్‌కేజీలో చేతులు పట్టుకుని గుండ్రంగా తిరిగిన "మల్బరీ బుష్" వరస కూడా అదే!

ఫిడేలాయన ప్రతిసారీ ఇష్టపడే వచ్చాడనుకోకండి. ఉదాహరణకి జోసెఫ్ ఎమిడీ పశ్చిమ ఆఫ్రికాలో పుట్టి బానిసైనవాడు, లిస్బన్ ఒపెరాలో వయొలిన్ వాయిస్తుంటే 1795లో రాయల్ నేవీ కెప్టెన్ పెల్యూ మనుషులు ఎత్తుకొచ్చి "ఇన్‌డిఫాటిగబుల్" అనే ఓడ ఎక్కించారు. ఒపెరా వాయించిన చేత్తో నాలుగేళ్లు కళాసీల గంతులకి జిగ్‌లూ హార్న్‌పైప్‌లూ వాయించాడు. 1799లో ఇంగ్లండ్‌లో కార్న్‌వాల్ ప్రాంతపు ఫాల్మత్ రేవులో దింపేశారు, ఆ తర్వాత అక్కడే సంగీతం నేర్పుతూ, కచేరీలు చేస్తూ బతికాడు.

— మరి "నొట్టుస్వరం"? మన ఫిడేలు కూడా మద్రాసు దొరల దగ్గర్నుంచి బాలుస్వామి దీక్షితులు పట్టుకొచ్చిందేగా.

ఈ మాట నాకూ నచ్చింది మాస్టారూ, కానీ నొట్టుస్వరం అనగానే ముత్తుస్వామి దీక్షితులు దొరల బాణీలకి కట్టిన సంస్కృత సాహిత్యమే గుర్తొస్తుంది. ఇక్కడ సాహిత్యమే లేదు. అందుకే నా ఓటు "వరస"కే, హార్న్‌పైప్‌ని అలాగే ఉంచేసి "హార్న్‌పైప్ వరస" అనడం.

ఆ వాక్యం ఇలా మార్చాను: "కళాసీలు లంగరు ఎత్తుతుంటే ఫిడేలాయన హార్న్‌పైప్ వరస ఎత్తుకున్నాడు." రెండు ఎత్తులూ ఒకేచోట పడ్డాయి. ఉంచనా, తీసెయ్యనా?

— ఉంచండి. "కళాసీలు" ముందు "పెదవి విప్పకుండా" అని చేర్చండి, లేకపోతే చదివేవాడు మళ్లీ హైలెస్స అందుకుంటాడు.