అన్నకు డుషెన్ అని తేలితే ఆరేళ్ల చెల్లికీ క్యారియర్ పరీక్ష చేయించాలా?

గుంటూరు అమ్మ:
మా బాబుకు తొమ్మిదేళ్లు. కింద కూర్చుంటే మోకాళ్ల మీద, తొడల మీద ఒక్కో చేయీ ఆనించుకుంటూ పైకి లేస్తాడు. పిక్కలు మాత్రం పుష్టిగా కనిపిస్తాయి. జన్యు పరీక్షలో డిస్ట్రోఫిన్ జన్యువులో 45 నుంచి 50 వరకు ఎక్సాన్లు, అంటే ఆ జన్యువులోని కొన్ని ముక్కలు, లేవని వచ్చింది. డుషెన్ కండరాల క్షీణత అన్నారు. ఇప్పుడు ఇంట్లో అందరి దృష్టీ పాప మీద పడింది, తనూ క్యారియరేమోనని, అంటే తనకు జబ్బు లేకపోయినా ఆ లోపాన్ని మోస్తూ పిల్లలకు ఇవ్వగలదేమోనని. "దానికీ చేయించేయండి, రేపు సంబంధాల దగ్గర మాట రాకూడదు" అని మా అత్తగారు. మాది మేనరికం, దానివల్లే ఇలా అయిందని కూడా అంటున్నారు. డాక్టరుగారేమో పాపకు ఇప్పుడే వద్దన్నారు. మీరేమంటారు?

కరీంనగర్ నాన్న:
చేయించండి. మేము మా పాపకు చేయించాం. తల్లి క్యారియర్ అయితే ప్రతి ఆడపిల్లకూ సగం అవకాశం ఉంటుంది. క్యారియర్లకు గుండె కండరం బలహీనపడవచ్చని కూడా చెప్పారు. తెలుసుకునే దారి ఉండగా ఏళ్ల తరబడి అనుమానంతో ఎలా బతకమంటారు?

హనుమకొండ అమ్మ:
నేను గట్టిగా వద్దంటాను. ముందు మేనరికం మాట మనసులోంచి తీసేయండమ్మా. ఈ జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది, కొడుక్కి అది తల్లి నుంచే వస్తుంది కాబట్టి దీనికి మేనరికంతో సంబంధం లేదు.

రెండోది, ముందు చేయించుకోవలసింది పాప కాదు, మీరు. సుమారు మూడింట రెండు వంతుల పిల్లలకు ఈ లోపం తల్లి నుంచి వస్తుంది, మిగతా వారిలో కొత్తగా పుడుతుంది. మీ రక్తంలో లేదని తేలితే పాపకు ఉండే అవకాశం చాలా తక్కువ. పూర్తిగా లేదని మాత్రం అనలేరు, కొన్ని అండాల్లో మాత్రమే లోపం ఉండే తల్లులూ ఉంటారు. మరో బిడ్డ కావాలనుకున్నా మీ ఫలితమే ముఖ్యం. మీలో లోపం ఉంటే, గర్భం వచ్చిన 11 వారాల తర్వాత మాయ నుంచి ముక్క తీసి పరీక్షించవచ్చు.

గుండె సంగతి నిజమే. కానీ క్యారియర్లకు గుండె పరీక్షలు మామూలుగా కౌమారం చివర్లోనో, పెద్దయ్యాకో మొదలుపెడతారు. పాప తరచూ పడిపోతున్నా, మెట్లెక్కలేకపోతున్నా అది వేరే విషయం, వెంటనే చూపించాలి. ఆడుకుంటున్న పిల్లకు ఆరేళ్లప్పుడు తెలిసి ఒరిగేదేమిటి? బాల్యంలో వైద్యపరంగా ప్రయోజనం లేకపోతే క్యారియర్ పరీక్ష వాయిదా వేయాలని 2013లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం, జన్యు వైద్యుల సంఘం కలిసి చెప్పాయి. సంబంధాల కోసం చేయిస్తే ఆ కాగితం ఎవరెవరి చేతుల్లో పడుతుందో ఆలోచించారా?

కరీంనగర్ నాన్న:
కాగితం దాచి పెట్టుకుంటాం. పాప దాని గురించి బంధువుల నోట వినడం కన్నా మా నోట వినడమే మంచిది కదండీ. నా అభిప్రాయం మారలేదు.

హనుమకొండ అమ్మ:
అన్నకున్న జబ్బు గురించి చెప్పండి, ఎంత అర్థమైతే అంత. నేనూ మా అమ్మాయికి అలాగే చెప్పుకుంటూ వచ్చాను. డిగ్రీలో చేరాక తనే జెనెటిక్ కౌన్సిలర్‌ను, అంటే జన్యు జబ్బుల గురించి సలహా ఇచ్చేవారిని, కలిసి, అడగవలసినవన్నీ అడిగి రక్తమిచ్చింది. ఫలితం తను చెప్పే వరకు నేను అడగలేదు.

గుంటూరు అమ్మ:
నా రక్తం ఇచ్చి వచ్చాను. పాప గురించి ఇంట్లో ఇక మాట్లాడవద్దని మా ఆయనే అత్తగారికి చెప్పారు. బాబు రిపోర్టు భద్రంగా ఉంచాలా?

హనుమకొండ అమ్మ:
తప్పకుండా. ఏ ఎక్సాన్లు లేవో అందులో ఉంటేనే రేపు పాపలోనూ సరిగ్గా అక్కడే వెతకగలరు. రెండు నకళ్లు తీయించండి.