గోధుమ మానేసి 3 నెలలైంది, ఉబ్బరం పోలేదు. గ్యాస్ బిళ్ల ఆపితే మంట ఎక్కువైంది

అరండల్‌పేట, గుంటూరు
చెల్లెలికి (28 ఏళ్లు) సీలియాక్ (గోధుమ, బార్లీల్లోని గ్లూటెన్ అనే ప్రోటీన్ పడక పేగు పొర దెబ్బతినే జబ్బు) అని బయాప్సీలో తేలింది. కడుపు లోపలి పొర వాచిందని కూడా ఎండోస్కోపీ రిపోర్టులో రాశారు. గ్యాస్ బిళ్ల పాంటాప్రజోల్ 40, ఐరన్, కాల్షియం ఇచ్చారు. చపాతీ, మైదా పూర్తిగా బంద్. ఈ బిళ్లతో ఎముకలు గుల్లవుతాయి, కిడ్నీలు పోతాయి అని వీడియోలు చూసి, వారం కింద తనే పాంటాప్రజోల్ ఆపేసింది. ఇప్పుడు మంట మొదటికన్నా ఎక్కువ. ఉబ్బరం, విరేచనాలు ఎలాగూ తగ్గలేదు. మళ్లీ మొదలుపెట్టాలా?

మందుల షాపు, బీసెంట్ రోడ్
ఇన్నాళ్లూ అణిచిపెట్టిన ఆమ్లం, బిళ్ల ఒక్కసారిగా ఆపేసరికి ఎగదన్నుతుంది. కొన్ని వారాలు అలా ఉండొచ్చు. జబ్బు ముదిరిందని బెంబేలు పడకండి. రాసిన డాక్టరుకి ఆపిన సంగతి చెప్పండి. మాన్పించేటప్పుడు మామూలుగా 40 నుంచి 20కి దించి, రెండు వారాలు చూసి, రోజు విడిచి రోజు చేస్తారు. టిఫినుకి అరగంట ముందు వేసుకోవాలి. తిన్నాక వేస్తే సరిగ్గా పనిచేయదు.

భయం ఉత్తదేం కాదండి. ఏళ్ల తరబడి వాడితే బి12, మెగ్నీషియం తగ్గొచ్చు. కిడ్నీ వాపు రావచ్చు గానీ చాలా అరుదు. ఎముకల సంగతికొస్తే, సీలియాక్‌లో కాల్షియం, డి విటమిన్ పేగుకి సరిగా పట్టవు, గుల్లయ్యేది ముందు అందువల్లే. ఆ కాల్షియం స్ట్రిప్పు మీద కార్బొనేట్ అని ఉందా? అది అరగాలంటే ఆమ్లం కావాలి, పాంటాప్రజోల్‌తో సరిగ్గా పట్టదు. సిట్రేట్ రాయమని అడగండి. ఐరన్‌కీ కాల్షియానికీ 2 గంటల తేడా ఉండాలి.

నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి వేస్తుంటే కడుపు పొర వాపుకి అదీ కారణం కావచ్చు. బయాప్సీలో హెచ్ పైలోరీ (కడుపులో చేరే బ్యాక్టీరియా) చూశారో లేదో కూడా కనుక్కోండి. మలం, శ్వాస పరీక్షలకి గ్యాస్ బిళ్ల 2 వారాలు, యాంటీబయాటిక్ 4 వారాలు ముందే ఆపాలి, లేకపోతే ఉన్నా లేదని వస్తుంది.

డైటీషియన్, విజయవాడ
మీ ఇంట్లో ఇంగువ డబ్బా వెనక చదివారా? చాలా బ్రాండ్లలో గోధుమ పిండో మైదానో కలుస్తుంది. చారులో చిటికెడే కదా అనుకుంటాం, అది రోజూ రెండు పూటలా. గ్లూటెన్ ఫ్రీ అని అమ్మాలంటే గ్లూటెన్ కిలోకి 20 మిల్లీగ్రాములు దాటకూడదు, అంత కొంచెం అన్నమాట.

నీరసమని హార్లిక్స్ ఇస్తున్నారేమో, అందులో గోధుమ, బార్లీ రెండూ ఉంటాయి. ఇడ్లీ రవ్వ బియ్యానిది, ఫర్వాలేదు. ఎమ్మెల్యే పెసరట్టులో ఉప్మా బొంబాయి రవ్వది, అంటే గోధుమదే. ఉప్మా తీసేయమన్నా పెనం రవ్వ దోసె వేసిందే. పునుగుల్లో కొందరు మైదా కలుపుతారు. మిరపకాయ బజ్జీ శనగపిండే గానీ, మైసూర్ బజ్జీ వేగిన నూనెలోనే వేస్తారు. శనగపిండి, జొన్నపిండి మరలో గోధుమ తర్వాత పట్టిస్తే పని చెడినట్టే. ఇంట్లో మిక్సీ పట్టుకోండి, జల్లెడ కూడా వేరే పెట్టండి.

పాలు తాగితే ఉబ్బరం ఎక్కువైతే కొన్ని వారాలు ఆపండి. పేగు పొర మానేదాకా లాక్టోజ్ (పాలలోని చక్కెర) సరిగా అరగకపోవచ్చు. పెరుగు చాలామందికి పడుతుంది.

మందుల షాపు, బీసెంట్ రోడ్
టీటీజీ యాంటీబాడీ పరీక్ష (సీలియాక్‌కి చేసే రక్త పరీక్ష) 6 నెలలకి మళ్లీ చేయిస్తారు. దిగుతోందా లేదా చూడాలి, ఇప్పుడే నార్మల్ కావాలని లేదు. ఐరన్‌కి మలం నల్లబడటం మామూలే. తారులా జిగటగా ఉన్నా, వాంతిలో రక్తం పడినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

అరండల్‌పేట, గుంటూరు
డబ్బా చూశాం, గోధుమ పిండి అనే ఉంది. ఆవకాయలోనూ అదే ఇంగువ పోపు. జాడీ పారేయాలా?

డైటీషియన్, విజయవాడ
ఎందుకండీ, మిగతావాళ్లు తినండి. తనకి ఇంగువ లేకుండా వేరే జాడీ పెట్టండి. ఇందులో గరిటె అందులో పెట్టకండి.