తాతగారి చిన్న రైలు కాగితాలతో స్క్రాప్‌బుక్: ఎక్కడ మొదలుపెట్టాలి?

పర్లాకిమిడి అమ్మడు
అందరికీ నమస్కారమండీ. మా తాతగారు ఆంధ్ర–ఒడిశా సరిహద్దులో నడిచిన నౌపడ–గుణుపురం చిన్న రైలులో (నేరోగేజ్) గార్డుగా చేసేవారు. ఆయన ట్రంకుపెట్టె ఇప్పుడు నా దగ్గరికి వచ్చింది. అట్ట టికెట్లు, డ్యూటీ కాగితాలు, ఇన్‌లాండ్ లెటర్లు, 2004లో చిన్న రైలు ఆపేసినప్పటి పేపర్ కటింగులు ఉన్నాయి. జిగురు పేజీల ఆల్బమ్ కూడా ఒకటి ఉంది గానీ, పైన ప్లాస్టిక్ పసుపెక్కి ఫోటోలు పేజీకి అంటుకుపోయాయి. వీటితో ఒక స్క్రాప్‌బుక్ చేసి, దసరాకి అందరూ వచ్చినప్పుడు చూపిద్దామని ఆశ. యూట్యూబ్ చూస్తే పన్నెండు అంగుళాల పేజీలు, కటింగ్ మెషిన్లు, ఏవేవో స్టాంపులు. మన ఊరి షాపుల్లో చార్టులు, ఫెవికాల్ తప్ప ఏమీ లేవు. వీటితో చేసేయొచ్చా?

గుణుపురం కోడలు
చేసేయండి, టెన్షన్ వద్దు. నేను మా బాబు పుట్టినరోజు ఆల్బమ్ రంగు చార్టుల మీదే చేశాను, చమ్కీలు, లేసు ముక్కలు పెట్టి. టికెట్లు పాడవుతాయని భయమైతే జిరాక్స్ షాపులో లామినేషన్ చేయించి అంటించండి, నీళ్ళు పడ్డా ఏం కాదు.

జేకేపూర్ రిటైర్డ్
లామినేషన్ అన్న మాట చూసి ఆగలేక రాస్తున్నా. రాయగడ పక్కన జేకేపూర్ పేపర్ మిల్లులో పనిచేసి రిటైరయ్యాను. కాగితం ఎలా పుడుతుందో, ఎలా చస్తుందో కాస్త తెలుసు. లామినేషన్ వేడికి ప్లాస్టిక్‌లోని జిగురు కరిగి కాగితంలోకి దిగిపోతుంది. తర్వాత మనసు మారినా తీయలేరు. అట్ట టికెట్టుకి ఆ గతి పట్టించకు తల్లీ. కోడలుగారూ, మీ బాబు ఫోటోలు మళ్ళీ ప్రింటు వేయించుకోవచ్చు, అందుకని మీరు చేసింది తప్పు కాదు. తాతగారి టికెట్టు మళ్ళీ ఎవరు కొడతారు?

న్యూస్‌పేపర్ కాగితంలో కర్రను రుబ్బి చేసిన గుజ్జు ఎక్కువ. కర్రలో ఉండే లిగ్నిన్ అందులో అలాగే ఉండిపోతుంది. ఎండా గాలీ తగిలితే పసుపు రంగుకి తిరిగేది అదే. రసాయనాలతో ఉడికించిన గుజ్జులో అది చాలావరకు పోతుంది. ఇక రెండో శత్రువు ఆమ్లం. పాతకాలంలో సిరా పాకకుండా కాగితానికి రోజిన్ (ఒక రకం చెట్టు బంక), పటిక పట్టించేవారు. ఆ పటిక వల్ల మిగిలే ఆమ్లం ఏళ్ళ తరబడి కాగితాన్ని లోపలే తినేస్తుంది. డ్యూటీ కాగితాలు మడత దగ్గర పెళుసుగా విరుగుతుంటే అనుమానం దీని మీదే పెట్టుకో. ఇప్పుడు చాలా మిల్లులు పటిక మానేసి, ఆమ్లం మిగలకుండా కాల్షియం కార్బొనేట్ (సున్నపురాయి పొడి లాంటిది) కలిపే పద్ధతికి వచ్చాయి. అందుకే రంగు చార్టు కన్నా మంచి తెల్ల జిరాక్స్ కాగితమే నయం.

పేజీలకి 200 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములో చెప్పే లెక్క) పైనున్న తెల్లటి అట్టకాగితం తీసుకో. ఆసిడ్ ఫ్రీ, లిగ్నిన్ ఫ్రీ అని రాసి ఉండాలి. అనుమానం ఉంటే, కాగితంలో ఆమ్లం ఉందో లేదో చూపించే పీహెచ్ పెన్ను ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. తెల్ల కాగితం మీద గీత గీస్తే ఊదా రంగు వస్తే మంచిది, పసుపు వస్తే ఆమ్లం ఉన్నట్టు. పన్నెండు అంగుళాల మోజు వదిలెయ్. ఏ4 అయితే కాగితమూ ఫైలూ రాయగడలోనే దొరుకుతాయి. ప్లాస్టిక్ కవర్లు పాలీప్రొపిలీన్‌వి కొను. ఘాటు వాసన కొట్టే మెత్తటి పీవీసీ కవర్లు వద్దు.

అన్నిటికన్నా ముందు ప్రతిదీ స్కాన్ చేయించు. పేజీ మీద అంటించేది కాపీయే. దానికి గ్లూ స్టిక్ వాడు. ఫెవికాల్‌లో నీరుంటుంది, కాగితం ముడతలు పడుతుంది. సెల్లోటేపు కొన్నాళ్ళకి గోధుమరంగు మరక వదులుతుంది. అసలు ఫోటో పెట్టి తీరాలనుకుంటే, మా చిన్నప్పటి నల్ల పేజీల ఆల్బముల్లోలాగా నాలుగు మూలలకీ కాగితపు కార్నర్లు పెట్టు, ఫోటోకి జిగురు తగలదు. కటింగులకి కాపీలు తీసి, అసలువి వేరే కవర్లో దాచు. ఫోటోల పక్కన పెడితే ఆ ఆమ్లం వాటికీ పాకుతుంది.

బరంపురం టీచర్
మాస్టారు కాగితం సంగతి చెప్పేశారు, నేను రాత సంగతి చెప్తాను. ఎంత అందంగా అతికించినా, ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అని రాయకపోతే మనవల కాలానికి అది ఎవరిదో ఆల్బమ్ అయిపోతుంది. అమ్మమ్మలూ పెద్దనాన్నలూ ఉండగానే ఫోటోలు ముందు పెట్టి మాట్లాడించండి, ఫోన్లో రికార్డు చేయండి. ఫోటో వెనక బాల్‌పెన్నుతో రాయొద్దు, అచ్చు ముందుకి తేలుతుంది. మెత్తటి పెన్సిల్‌తో అంచున రాయండి.

తేదీ లేని ఉత్తరాలకి ఒక చిట్కా. పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లా గంజాం నుంచి విడిపోయి 1992 అక్టోబరులో ఏర్పడింది. అడ్రసులో పర్లాకిమిడి, గంజాం జిల్లా అని ఉంటే ఉత్తరం చాలావరకు అంతకు ముందుదే. అలవాటు కొద్దీ తర్వాత కూడా అలాగే రాసినవాళ్ళు ఉంటారు, పోస్టు ముద్ర కూడా చూసుకోండి.

ఇంకో మాట. మా పిల్లలు ఒడియా మీడియం. ఇంట్లో తెలుగు గడగడా మాట్లాడతారు, చదవమంటే నీళ్ళు నములుతారు. అందుకని మా ఆల్బమ్‌లో ప్రతి ఫోటో కింద తెలుగులో ఒక లైను, ఒడియాలో ఒక లైను. కొంచెం చోటు పోతుంది గానీ ఇప్పుడు పిల్లలే తీసి చదువుతున్నారు.

పర్లాకిమిడి అమ్మడు
మాస్టారూ, టీచర్‌గారూ, చాలా థాంక్సండీ. చార్టులు పక్కన పెట్టేశాను. అంటుకుపోయిన ఫోటోలు ఎలా తీయాలి? ఇంకా తాతగారి టోపీకి ఉండే ఇత్తడి బ్యాడ్జి ఉంది, దాన్ని మొదటి పేజీలో పెట్టాలని కోరిక.

జేకేపూర్ రిటైర్డ్
ముందు ఆ పేజీలన్నీ ఉన్నవి ఉన్నట్టు ఫోన్లో ఫోటో తీసుకో. తర్వాత, అంతగా ఇష్టం లేని ఫోటో ఒకటి చూసుకుని ఒక మూల నుంచి డెంటల్ ఫ్లాస్ దారం వెనక దూర్చి, రంపంలా మెల్లగా అటూ ఇటూ లాగు. లాగితే వంగుతోందనిపించినా, చిరుగుతుందనిపించినా ఆపేయ్. నీళ్ళు, స్పిరిట్ జోలికి పోవద్దు. ఊడిరాకపోతే ఫోటో చుట్టూ పేజీని కత్తిరించి అలాగే దాచు.

బ్యాడ్జి పుస్తకంలో వద్దు. మూసినప్పుడు ఎదుటి ఫోటో మీద దాని అచ్చు పడుతుంది, ఇత్తడి చిలుము కాగితానికి ఎక్కుతుంది. దాన్ని తెల్ల గుడ్డ మీద పెట్టి ఫోటో తీసి, ఆ ప్రింటు మొదటి పేజీలో పెట్టు. ప్రింటు స్టూడియోలో వేయించు, ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింటరు వద్దు. మన ఊళ్ళ వానాకాలం చెమ్మకి ఆ సిరా పాకుతుంది. పుస్తకం పూర్తయ్యాక బయటి గోడకి ఆనని బీరువాలో, సిలికా జెల్ పొట్లాలతో పెట్టు. కలరా ఉండలు మాత్రం వేయకు.